పండ్లతోట పురుగుల వానికి పశువుల జ్వరంతో ఏమి పని?



‘గోమారి’ అనే మాటను గురించి ఇంతకుముందు నాలుగు ముక్కలు వ్రాసినందుకు ఒక మిత్రులు నొచ్చుకొని ఉత్తరం పంపారు. "మాస్టారూ, మీరు ఛందస్సు చెప్పండి, సంధులు చెప్పండి, శ్రద్ధగా చదువుతాం. గొడ్ల పురుగులతో తెలుగు పండితునికి ఏమి పని?" అన్నారు. వారికి నా మీద గౌరవమే కాని ద్వేషం లేదని నాకు తెలుసు. అయినా ఆ చివరి మూడు మాటలను, ‘నీకేమి పని’ అన్న ఆ మాటలను, నేను ఊరకే పోనివ్వదలచుకోలేదు. మన విద్యావ్యవస్థకు పట్టిన పెద్ద జబ్బు పేరు అదే. ఆ జబ్బు వల్ల నష్టపోయేది పండితులు కారు, పాడి మీద బ్రతికే ఇళ్ళు. దీనిని నిరూపించడానికి నేను ఆఫ్రికా ఖండపు కొసకు వెళ్ళవలసి ఉంది. కొంచెం ఓపిక పట్టండి.

చార్లెస్ లౌన్స్‌బరీ అని ఒకాయన ఉండేవాడు. 1872లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. మసాచుసెట్స్ వ్యవసాయ కళాశాలలో చదువుకొని, 1895లో దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీకి ప్రభుత్వ కీటకశాస్త్రజ్ఞునిగా వెళ్ళాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరవైమూడు. అక్కడ ఆయనకు పెట్టిన పని ప్రధానంగా పంటలను, పండ్లతోటలను పురుగులనుంచి కాపాడడం. నారింజ చెట్లమీద పొలుసు పురుగులు, ఆపిల్ కాయలను తొలిచే పురుగులు, పండుఈగలు, ఓడలలో దిగుమతి అయ్యే అంట్లతోపాటు దిగే కొత్త శత్రువులు... ఇవీ ఆయన దినచర్య. చెట్లకు విషవాయువు పట్టించడం, బయటినుంచి వచ్చే మొక్కలను తనిఖీ చేయడం, దానికి చట్టాలు కావాలని పోరడం. పశువులకు వేరే శాఖ ఉంది, వేరే వైద్యులు ఉన్నారు. ఆ మాటకొస్తే పశువుల జ్వరంతో లౌన్స్‌బరీకి ఏమి పని?

ఆ దేశంలో గొర్రెలు, మేకలు, ఆవులు ఒక విచిత్రమైన జబ్బుతో చచ్చిపోతుండేవి. కోసి చూస్తే గుండెసంచిలో నీరు నిలిచి ఉండేది. అందుకని దానికి ‘గుండెనీరు’ అనే అర్థం వచ్చేలా అక్కడి డచ్చివారి భాషలో పేరు పెట్టుకొన్నారు. 1877లోనే ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ముందు ఒక రైతు నిలబడి, మచ్చల గోమారి మా ప్రాంతానికి వచ్చినప్పుడే ఈ జబ్బూ వచ్చిందని చెప్పాడు. చదువుకొన్నవారు ఆ మాట వ్రాసుకొన్నారు, పక్కన పెట్టారు. ఇరవై ఏళ్ళకు పైగా అది ‘రైతుల నమ్మకం’గానే మిగిలింది. చివరికి దానిని పరీక్షకు పెట్టినవాడు పండ్లతోటల పురుగుల అధికారి. గోమార్లను గుడ్డునుంచి పెంచాడు, జబ్బు గొర్రెమీద మేపాడు, రాలిన వాటిని ఏరి దాచాడు, కుబుసం విడిచేదాకా ఆగాడు, ఆరోగ్యంగా ఉన్న జీవాలమీద విడిచాడు. అవి జబ్బుపడ్డాయి. 1900లో ఫలితం ప్రకటించాడు. రైతు చెప్పినది నిజం.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ జబ్బును కలిగించే సూక్ష్మజీవిని సూక్ష్మదర్శినిలో చూపించినది కౌడ్రీ అనే శాస్త్రజ్ఞుడు, 1925లో. అంటే లౌన్స్‌బరీ దొంగను చూడకుండానే, దొంగ ఎక్కివచ్చిన బండిని పట్టుకొన్నాడు. పాతికేళ్ళ ముందు!

ఆ మరుసటి సంవత్సరం, 1901లో, కుక్కలకు వచ్చే ప్రాణాంతకమైన కామెర్ల జబ్బును పట్టాడు. దీనిలో ఆయన కనిపెట్టిన సంగతి ఇప్పటికీ నాకు అబ్బురమే. తల్లి గోమారి జబ్బు కుక్క రక్తం తాగుతుంది. నేలమీద గుడ్లు పెట్టి చనిపోతుంది. ఆ గుడ్లు పొదిగి వచ్చిన పిల్లలు కుక్కను కుట్టినా ఏమీ కాదు. అవి కుబుసం విడిచి రెండవ దశకు వచ్చి కుట్టినా ఏమీ కాదు. మూడవ దశలో, పెద్దవైన తరువాత కుడితే మాత్రం కుక్కకు జబ్బు వస్తుంది. తల్లి తాగిన విషం బిడ్డ యౌవనంలో బయటపడుతుందన్నమాట. దీనిని కనిపెట్టడానికి గొప్ప యంత్రాలేవీ అక్కరలేదు. కావలసినది రోజులు లెక్కపెట్టే ఓపిక, ప్రతి దశనూ వేరువేరుగా పరీక్షించాలన్న బుద్ధి.

ఆ బుద్ధి ఎక్కడిది? నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోకపోతే వాదించండి. అది పండ్లతోటలో అబ్బిన బుద్ధి. నారింజ చెట్టుమీది పొలుసు పురుగును తీసుకోండి. పుట్టిన కొత్తలో మాత్రమే అది పాకుతుంది. ఆ తరువాత ఒకచోట మూతి గుచ్చి, ఒంటిమీద పెంకు కప్పుకొని కూర్చొంటుంది. పాకే రోజులలో మందు కొడితే చస్తుంది, పెంకు కప్పుకొన్నాక కొడితే మందు దండుగ. పండుఈగ పిల్ల కాయలో పెరుగుతుంది, కాని ప్యూపాగా మారడానికి మట్టిలోకి దిగుతుంది. మన మామిడి రైతులు చెట్లకింద దున్నేది అందుకే. అంటే తోటవానికి మొదటి ప్రశ్న "పురుగు ఏ దశలో ఎక్కడ ఉంటుంది?" అన్నది. చెట్టును చూస్తే చాలదు, చెట్టుకింది నేలనూ చూడాలి. వైద్యునికి మొదటి ప్రశ్న వేరు. "రోగికి ఏమి ఇవ్వాలి?" అన్నది. రెండూ మంచి ప్రశ్నలే. రెండవది మాత్రమే తెలిసినవారు మొదటిదానిని మరచినప్పుడు ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను.

1896-97లలో రిండర్‌పెస్ట్ మహమ్మారి దక్షిణాఫ్రికా పశుసంపదను తుడిచిపెట్టింది. ఆ వెంటనే బోయర్ల యుద్ధం. ఆ లోటు పూడ్చుకోవడానికి తూర్పు తీరంనుంచి పశువులను దింపుకొన్నారు. వాటితోపాటు కొత్త జ్వరం దిగింది. 1902 నాటికి రోడీషియాలో (నేటి జింబాబ్వే) మందలు మందలుగా కూలిపోతున్నాయి. దానికి తూర్పు తీరపు జ్వరమని పేరు. ప్రభుత్వాలు ప్రపంచంలోకెల్లా పెద్ద పేరున్న వైద్యశాస్త్రజ్ఞుని పిలిపించాయి. రాబర్ట్ కోఖ్! మన బడిపుస్తకాలలో ‘కోచ్’ అని వ్రాస్తారే, ఆయనే. క్షయను, కలరాను పట్టినవాడు. 1903లో బులవాయో చేరాడు. ఆయన మీద నాకు గౌరవం లేకపోలేదు. జబ్బుపడిన పశువు గ్రంథులలో నీలిరంగు పట్టే ఆకారాలను ఆయన చూశాడు, వాటిని నేటికీ ‘కోఖ్ దేహాలు’ అనే పిలుస్తారు. గోమార్ల వల్లనే జబ్బు పాకుతుందని ఆయనా ఒప్పుకొన్నాడు. కాని గోమారి వెంట పడలేదు. కోలుకొన్న పశువు రక్తాన్ని మాటిమాటికీ సూదితో ఎక్కించి జబ్బు రాకుండా చేయాలన్నాడు. దొరలు సంతోషించారు. రైతులు సూదులు పొడిపించారు. పశువులు చచ్చాయి.

ఎందుకు చచ్చాయి? 1893లో అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు టెక్సస్ జ్వరాన్ని గోమారి మోస్తుందని నిరూపించారు. (రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో 1897లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూడడానికి నాలుగేళ్ళ ముందు. రాస్ పేరు మనవాళ్ళకు కంఠస్థం, ఈ ఇద్దరి పేర్లు ఎవరికి తెలుసు?) ఆ టెక్సస్ గోమారి ఒకే పశువు మీద మూడు దశలూ గడుపుతుంది. కాబట్టి జబ్బు తల్లినుంచి గుడ్డులోకి దిగితేనే మరో పశువుకు చేరుతుంది. ఆఫ్రికాలో దాని చుట్టం నీలి గోమారి. కొత్త జ్వరాన్ని మోసేదీ ఇదే అయి ఉంటుందని అనుకొన్నారు. లౌన్స్‌బరీ కూడ మొదట దానితోనే పరీక్షలు చేశాడు. జబ్బు రాలేదు. వేరొకరైతే ‘ప్రయోగంలో ఏదో లోపం’ అనుకొని ఊరుకొనేవారు. ఆయన ఇతర జాతులను ఒక్కొక్కటిగా తీసుకొన్నాడు. 1903-04లలో పశువుల చెవులకు పట్టే గోధుమరంగు గోమారి దగ్గర జవాబు దొరికింది.

ఇది మూడు ఇళ్ళ అతిథి. పిల్లదశలో ఒక పశువును పట్టి, కొన్ని రోజులు తాగి, రాలిపడుతుంది. నేలమీద కుబుసం విడిచి రెండవ దశలో ఇంకొక పశువును, మళ్ళీ రాలి కుబుసం విడిచి పెద్దదై మూడవదానిని పట్టుతుంది. ఒక దశలో తాగిన జబ్బును తరువాతి దశలో ఇస్తుంది. గుడ్డులోకి మాత్రం దిగనివ్వదు. అదే సమయంలో ట్రాన్స్‌వాల్‌లో ఆర్నాల్డ్ థైలర్ అనే స్విస్ పశువైద్యుడు ఇది టెక్సస్ జ్వరం కానేకాదని, మామూలుగా రక్తం ఎక్కించినంత మాత్రాన అంటదని తేల్చాడు. రక్తంతో అంటని జబ్బుకు రక్తపు సూదితో రక్షణ ఎక్కడినుంచి వస్తుంది? లోకానికి పెద్దదిక్కు అయినవాని సలహా అక్కడ కూలిపోయింది. 1905లో కోఖ్‌కు నోబెల్ బహుమానం వచ్చింది (క్షయ మీది కృషికి, న్యాయంగానే వచ్చింది). లౌన్స్‌బరీ మళ్ళీ తన తోటలలోకి వెళ్ళాడు.

కుట్టేది ఎవరో, ఏ దశలోనో తెలిసినందువల్ల ఏమి ఒరిగిందని అడుగుతారేమో. అంతా ఒరిగింది. పశువులను తప్పించి బీడును ఏడాదికి పైగా ఖాళీగా ఉంచితే అక్కడి గోమార్లు జబ్బును పోగొట్టుకొంటాయని తేలింది. కంచెలు వేశారు. కొన్ని రోజుల కొకసారి పశువులను మందునీటి తొట్టెలలో ముంచారు. ఎన్ని రోజులకు? గోమారి ఒంటిమీద ఉండే రోజులను బట్టి! 1950ల మధ్యనాటికి దక్షిణాఫ్రికాలో ఆ జ్వరం అంతరించింది. అయితే ఒక మాట దాచకూడదు. తెల్లదొరలు ఈ మునకలను నల్లజాతి రైతులమీద పన్నులతో, పోలీసులతో రుద్దారు. 1914లో తూర్పు గ్రిక్వాలాండ్ ప్రాంతపు జనం తిరగబడి ఆ తొట్టెలను ధ్వంసం చేశారు. గోమారిని గురించి లౌన్స్‌బరీ చెప్పినది సత్యమే, ఆ రైతుల కోపమూ న్యాయమే. నేను రెండింటినీ కలిపి చూడమంటాను.

ఇక మన గడపకు వద్దాం.

మన సంకరజాతి ఆవులకు వచ్చే థైలేరియా జ్వరం ఆ తూర్పు తీరపు జ్వరానికి దగ్గరి చుట్టం. ఆ పేరులో ఉన్నది పైన చెప్పిన థైలరే. జెర్సీ, హోల్‌స్టీన్ రక్తం కలిసిన ఆవు దీనికి ఇట్టే చిక్కుతుంది. తీవ్రమైన జ్వరం, భుజం ముందరి గ్రంథి వాపు, పాలు పడిపోవడం, రక్తం క్షీణించడం. అప్పు చేసి కొన్న ఆవు కొన్ని రోజులలో పోతుంది. దీనికి బుపార్వాక్వోన్ అనే సూదిమందు ఉంది, మంచి మందు, వేళకు పడితే ప్రాణం నిలుపుతుంది. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ వారి రక్షావ్యాక్-టి టీకా ఉంది. అది ద్రవ నత్రజనిలో గడ్డకట్టి ఉండవలసినది. మారుమూల పల్లెకు దానిని చేర్చడం ఎంత పనో ఊహించుకోండి. నేను సూదిని నిందించడం లేదు. సూదితో కథ ముగిసిందనుకోవడాన్ని నిందిస్తున్నాను. అది బులవాయోలో జరిగిన పొరపాటే.

ఎందుకంటే మన దగ్గర ఈ జ్వరాన్ని మోసే గోమారి జీవితంలో ఎక్కువ భాగం ఆవుమీద ఉండదు. కడుపునిండా తాగి రాలిపడి, కొట్టంలో గోడ పగుళ్ళలో, రాళ్ళ సందులలో దూరి, అక్కడ కుబుసం విడిచి, పెద్దదై, ఆకలితో బయటికి వస్తుంది. మనం ఆవుకు మందు పూస్తాం, గోడను చూడం! రాలిన చెట్టుకింది మట్టిని చూడని తోటమాలి వంటివాళ్ళం. పగుళ్ళు పూడ్చి, గోడ మెత్తి, సున్నం కొట్టి, కొట్టం మూలలను ఊడ్చి తగలబెట్టడం ఏ విశ్వవిద్యాలయం చెప్పాలి? పైగా ఒకే మందును కొలత లేకుండా పూసి పూసి, దానికి లొంగని గోమార్లను మనమే తయారుచేసుకొన్నాం. డెల్టామెత్రిన్ వంటి మందులకు లొంగనివి మనదేశంలో ఎన్నోచోట్ల నమోదైనాయి.

ఏ విశ్వవిద్యాలయం చెప్పాలి అన్నాను కదా. అక్కడికే వస్తున్నాను. 1964లో ఏర్పడిన మన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటలు, పండ్లు, పశువులు ఒకే కప్పు కింద ఉండేవి. 2005లో పశువైద్యం విడిపోయి తిరుపతికి వెళ్ళింది. 2007లో ఉద్యానవిద్య విడిపోయి వెంకట్రామన్నగూడెం వెళ్ళింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ దేనికి అది వేరే విశ్వవిద్యాలయం. అన్నదమ్ములు వేరుపడడం తప్పని నేను అనను, ఎవరి పొయ్యి వారికి ఉండవచ్చు. కాని పొయ్యిలు వేరైన ఇంట్లో మాటలు కూడ ఆగిపోతే? పండుఈగను చదివిన పిల్లవాడు గోమారి వైపు తిరిగి చూస్తే, "అది పశువైద్యుల పాఠం, పరీక్షలో రాదు" అనే గురువు ఎదురవుతాడు. ఇరవైమూడేళ్ళ లౌన్స్‌బరీ ఈనాడు మన దగ్గర ఉద్యోగంలో చేరి, నారింజ చెట్టు విడిచి గొర్రె చెవి పట్టుకొని ఉంటే ఆయనకు మెమో అందేది. ముప్పైనాలుగేళ్ళు బడిలో పనిచేసినవానిగా ఈ మాట అంటున్నాను. లెక్కల పిరియడ్‌లో కవిత్వం మాట్లాడినందుకు, తెలుగు పిరియడ్‌లో చెట్టు ఎక్కించినందుకు సంజాయిషీలు వ్రాసుకొన్న ఉపాధ్యాయులను నేను ఎరుగుదును.

ఇక రెండవ పక్షంవారు ఉన్నారు. "ఈ గొడవంతా సీమ ఆవులవల్ల వచ్చింది, మన ఒంగోలు ఆవుకు గోమారే పట్టదు" అంటారు. అయ్యా, పట్టుతుంది. తక్కువ పట్టుతుంది, పట్టినా తట్టుకొంటుంది. ఆ గుణం, ఎండను తట్టుకొనే గుణం ఉన్నందువల్లనే కదా బ్రెజిల్‌వారు ఓడలలో తీసుకొనిపోయి నెల్లూరు పేరుతో ‘నెలోర్’ అని పిలుచుకొని లక్షలుగా పెంచుకొన్నది! వారు గుణాన్ని కొలిచారు, ఎంచారు, పెంచారు. మనం చెట్టుపేరు చెప్పి కాయలమ్ముకొంటున్నాం.

వీరిలోనే కొందరు సీతాఫలం గింజ నూరి పూస్తే ఏ మందూ అక్కరలేదంటారు. ఇది పండ్లచెట్టుకూ గోమారికీ నేరుగా ఉన్న బంధుత్వం గనుక నాకు మహా ఇష్టమైన సంగతి. ఆ గింజలో, ఆకులో పురుగును చంపే పదార్థాలు ఉన్నమాట నిజమే, ప్రయోగశాలలలో గోమార్లమీద పనిచేసినమాటా నిజమే. తలలో పేలకు మన ఆడవాళ్ళు వాడినదీ, కంట్లో పడితే కన్ను దెబ్బతినేదీ ఆ గింజే. అయితే ఎంత పాళ్ళలో, ఏ దశ గోమారిమీద, ఎన్ని రోజుల కొకసారి? పాలమూరు కొండలలో, బాలానగర్ చుట్టుపక్కల సీతాఫలం చెట్లకు కొరత లేదు. ఆ లెక్క తేల్చి రైతుచేతిలో పెట్టేదెవరు? ఉద్యానంవారికి ఫలం కావాలి, పశువైద్యులకు పశువు కావాలి. గింజ ఎవరిది?

నా పని నేను చేస్తాను. పైన వ్రాసేటప్పుడు నాకు ప్రతి వాక్యంలోనూ ఒక ఇబ్బంది ఎదురైంది. మూడు దశలకు మూడు మాటలు లేక ‘పిల్లదశ, రెండవ దశ, పెద్దది’ అని నెట్టుకొచ్చాను. మనకు గోమారి ఉంది, పిడుదు ఉంది. ఇవి రెండూ ఒకే పురుగుకు రెండు ప్రాంతాల పేర్లా, లేక రెండు జాతులా, రెండు దశలా? నిఘంటువులు రెండింటికీ ఒకే అర్థం వ్రాసి చేతులు కడుక్కొన్నాయి. ఆవగింజంత పిల్లనూ, చిక్కుడుగింజంత ఉబ్బిన తల్లినీ రోజూ చేత్తో ఏరే మనిషి రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తాడని నేను నమ్మను. ఈ టపా చదివే మిత్రులలో పల్లె విడిచి హైదరాబాదులోనో, డల్లాస్‌లోనో ఉన్నవారు చాలామంది. ఇంటికి ఫోను చేసినప్పుడు మీ అమ్మనో, మేనమామనో, మంద కాచే తాతనో ఒక్కమాట అడగండి. చెవిలో పట్టేదానిని ఏమంటారు, పొదుగుకు పట్టేదానిని ఏమంటారు, చిన్నదానిని ఏమంటారు, నెత్తురు తాగి ఉబ్బినదానిని ఏమంటారు, రాలి గోడలో దూరేదానికి పేరుందా? జిల్లా, మండలం పేరుతో సహా వ్రాసి పంపండి. వచ్చినవన్నీ వరుసపెట్టి ఇక్కడే ప్రకటిస్తాను.